క్యాంపస్ లైబ్రరీలో పార్ట్‌టైమ్ పోస్టు: కవర్ లెటర్‌లో అసలు ఏం రాయాలి? (అమెరికా, ఎఫ్-1)

తుంగభద్ర_అల అడిగారు:

అందరికీ నమస్తే. ఈ ఫాల్‌లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో చేరాను, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను. మా యూనివర్సిటీ లైబ్రరీలో సర్క్యులేషన్ డెస్క్ దగ్గర స్టూడెంట్ అసిస్టెంట్ పోస్టు పడింది. ప్రకటనలో ఉన్నవి: వారానికి 12 నుంచి 15 గంటలు. సాయంత్రాలు, శని ఆదివారాలు పని చేయగలగాలి. వారానికి కనీసం ఒక క్లోజింగ్ షిఫ్ట్. పుస్తకాలు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం, ర్యాకుల్లో సర్దడం, డెస్క్ దగ్గరికి వచ్చినవాళ్లకు, ఫోన్ చేసినవాళ్లకు జవాబు చెప్పడం. 40 పౌండ్ల దాకా బరువు ఎత్తగలగాలి. రెజ్యూమే, కవర్ లెటర్ రెండూ పెట్టమన్నారు.

రెజ్యూమే సిద్ధంగా ఉంది. లెటర్ దగ్గరే ఆగిపోయాను. మొదటి పేరా ఇలా వచ్చింది, ఇంగ్లిష్‌లో రాసినదాని భావం ఇక్కడ పెడుతున్నా: "నేను మీ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాను. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం నాకున్నాయి. ప్రతిష్ఠాత్మకమైన మీ గ్రంథాలయంలో అవకాశం ఇస్తే అది నా ఎదుగుదలకు, సంస్థ అభివృద్ధికి తోడ్పడుతుంది." చదువుతుంటే ఏదో తేడాగా ఉంది, ఏమిటో పట్టుకోలేకపోతున్నా.

జీతం వచ్చే ఉద్యోగం ఇంతవరకు చేయలేదు. బీటెక్‌లో ఎన్ఎస్ఎస్ చేశాను, కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ డెస్క్ చూశాను, అంతే. వీసా సంగతి లెటర్‌లో రాయాలా? ఎంత పొడవు ఉండాలి? ఎడ్యుకేషన్ లోన్ ఉందని, ఈ ఉద్యోగం అవసరమని చెప్పొచ్చా?

---

రేగడి_నేల:

తేడా ఎక్కడంటే, మీ మూడు వాక్యాలనూ డైనింగ్ హాలుకైనా, జిమ్‌కైనా, పార్కింగ్ ఆఫీసుకైనా ఒక్క అక్షరం మార్చకుండా పంపేయొచ్చు. లైబ్రరీ గురించి గానీ, మీ గురించి గానీ అందులో ఏమీ లేదు. కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను అని అందరూ రాస్తారు. అబద్ధమని కాదు, చదివే మనిషికి దానితో పని లేదు.

చదివేది ఎవరో ముందు గుర్తుపెట్టుకోండి. స్టూడెంట్ ఉద్యోగాలకు సాధారణంగా ఆ డెస్క్ నడిపే సూపర్‌వైజరే దరఖాస్తులు చూస్తారు. వాళ్ల ముందు వారం మొత్తం గడులు గీసిన షిఫ్ట్ పట్టిక ఉంటుంది. పోయిన సెమిస్టర్‌లో పనిచేసినవాళ్లు డిగ్రీ అయిపోయి వెళ్లిపోతే ఆదివారం సాయంత్రం ఖాళీ, గురువారం రాత్రి ఖాళీ. మీ లెటర్ తెరిచినప్పుడు వాళ్లు వెతికేవి మూడు: ఈ అమ్మాయి నా ఖాళీ గడుల్లోకి వస్తుందా? డెస్క్ దగ్గర మనుషులతో మాట్లాడగలదా, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందా? నేర్పించాక ఎన్ని సెమిస్టర్లు ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు లేని లెటర్‌లో ఇంగ్లిష్ ఎంత బాగున్నా లాభం లేదు.

పొడవు 200 నుంచి 300 పదాలు చాలు. పేజీ నిండాలని సాగదీయకండి. నాలుగు చిన్న పేరాలు:

మొదటి పేరా రెండు మూడు వాక్యాలు. పోస్టు పేరు ప్రకటనలో ఎలా ఉందో అలాగే రాయండి, జాబ్ నంబర్ ఉంటే అదీ. ఒకే లైబ్రరీలో సర్క్యులేషన్, ఇంటర్‌లైబ్రరీ లోన్, స్పెషల్ కలెక్షన్స్ మూడింటికీ ఒకేసారి మనుషుల్ని తీసుకుంటూ ఉండొచ్చు. నంబర్ లేకపోతే మీ లెటర్ వేరే దొంతరలో పడుతుంది. మీరు ఏం చదువుతున్నారో, ఇంకా ఎన్ని సెమిస్టర్లు క్యాంపస్‌లో ఉంటారో ఇక్కడే చెప్పండి. ఎమ్మెస్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకు ఇదే పెద్ద బలం. కొత్తవాళ్లకు డెస్క్ పని, సాఫ్ట్‌వేర్, మూసే పద్ధతి అన్నీ నేర్పడానికి వారాలు పడుతుంది. మే నెలలో వెళ్లిపోయేవాళ్ల కంటే రెండో ఏడాది కూడా ఉండేవాళ్లను తీసుకోవడానికే ఇష్టపడతారు.

రెండో పేరాలో ప్రకటనలోని పనుల్లో రెండు ఎంచుకుని, ఒక్కోదానికి మీరు నిజంగా చేసిన ఒక పని చూపించండి. అయిదారు అంటుకోవద్దు. మూడో పేరా మీకు వీలైన గంటలు. నాలుగోది ఫోన్ నంబర్, ఏ రోజుల్లో కలవగలరు, ధన్యవాదాలు.

లోన్ సంగతి రాయకండి. ఉద్యోగం అందరికీ అవసరమే. అది చదివి సూపర్‌వైజర్ చేయగలిగేది ఏమీ లేదు, పైగా ఆ వాక్యం పట్టిన చోటు పోతుంది. వీసా సంగతి కూడా నా ఉద్దేశంలో లెటర్‌లో అక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో అమెరికాలో పనిచేసే అర్హత ఉందా అని వేరే అడుగుతారు, అక్కడ చెబితే సరిపోతుంది.

---

ఓరుగల్లు_వాకిలి:

చెల్లె, పైన అన్న చెప్పింది మంచిగున్నది. నేను ఆ మూడో పేరా గురించే చెప్త, ఎందుకంటే మనోళ్లు ఎక్కువ దెబ్బతినేది ఆడనే.

"నేను ఎప్పుడైనా రాగలను, ఏ టైమైనా ఓకే" అని రాస్తరు. మంచిగ అనిపిస్తది గని సూపర్‌వైజర్‌కు దానితోని పని కాదు. నీకు క్లాసులున్నయని వాళ్లకు ఎరుకే. ఎప్పుడైనా అంటే టైం టేబుల్ చూసుకోకుండ రాసినవని అర్థమైతది. రోజు, మొదలు, ఆఖరు పెట్టి రాయి. ఇట్ల: సోమ, బుధవారాలు సాయంత్రం 4 నుంచి 10. గురువారం సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి, మూసేదాక. శనివారం మధ్యాహ్నం 12 నుంచి 6. ఆదివారం 2 నుంచి 8. మొత్తం కలిపితే 30 గంటలు ఖాళీ చూపిస్తున్నవ్. వాళ్లకు కావాల్సింది 12 నుంచి 15. అందులకెళ్లి వాళ్లకు పనికొచ్చేవి ఏరుకుంటరు. సరిగ్గ 15 గంటలే చూపిస్తే, వాళ్ల ఖాళీ గడి పక్కన పడితే నీ కాగితం పక్కకు పోతది. 16, 18 అని రైల్వే టైం రాయకు, ఏఎం పీఎం పెట్టు.

క్లోజింగ్ షిఫ్ట్ అడిగిండ్రు కదా, అది పేరు పెట్టి ఒప్పుకో. "గురువారం క్లోజింగ్ చేస్త" అన్న ఒక్క వాక్యం చాలామందిని దాటిస్తది, రాత్రి షిఫ్ట్‌కు మనుషులు దొరకరు. అయితే రాసే ముందు ఇంటికి ఎట్ల పోతవో చూసుకో. తలుపులు మూసినంక అంతస్తులన్నీ తిరిగి చూసుడు, లైట్లు, లెక్కలు ఉంటయి. ఆఖరి షటిల్ అంతకుముందే పోతే ప్రతి వారం పరేషాన్. చాలా యూనివర్సిటీలల్ల రాత్రిపూట విద్యార్థులను దింపే బండ్లు ఉంటయి, వాటి టైములు కనుక్కో.

ఇంకొక్కటి. థ్యాంక్స్‌గివింగ్ వారం, ఫైనల్స్ వారం, డిసెంబర్ సెలవులు. ఇక్కడి పిల్లలు ఇండ్లకు పోతరు. నువ్వు ఊళ్లనే ఉంటె ఆ మాట రాయి. ఫైనల్స్ వారంల నీకు పరీక్షలుంటయి గనుక పూర్తిగ వస్త అనకు, ఎన్ని గంటలు ఇయ్యగలవో గంతే చెప్పు.

గంటల లెక్క: ఎఫ్-1 మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌ల వారానికి 20 గంటలు దాటొద్దు. ఇది అన్ని ఉద్యోగాలూ కలిపి. రేపు గ్రేడర్‌గ (ప్రొఫెసర్ తరఫున పేపర్లు దిద్దే పని) 10 గంటలు వస్తె లైబ్రరీకి 10 మాత్రమే మిగుల్తయి. ఒక వారం 25, ఇంకో వారం 15 చేసి సగటు 20 అంటే నడవదు. సెలవులల్ల, వచ్చే సెమిస్టర్ చదివే ఉద్దేశం ఉన్నోళ్లు ఫుల్‌టైం చెయ్యొచ్చు. ప్రకటనల "ఫెడరల్ వర్క్-స్టడీ వాళ్లకే" అని ఉంటె మాత్రం దాని మీద టైం పెట్టకు. అది ఇక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు వంటివి ఉన్నోళ్లకు ఇచ్చే సర్కారు సాయం, ఎఫ్-1కు రాదు. మస్తుమంది ఈ లైను చూడకుండ లెటర్లు పంపి, జవాబు రాలేదని బాధపడతరు.

వీసా సంగతి అన్న వద్దన్నడు గని, నేనైతె ఒక్క ముక్క పెట్టుమంట. కారణం కింద ఎవరన్న చెప్తరేమో చూద్దాం.

---

పుస్తకాల_పురుగు:

వీసా మాట గురించి: లైబ్రరీ వాళ్లకు విదేశీ విద్యార్థులు కొత్త కాదు కాబట్టి రాయకపోయినా నష్టం లేదు. కానీ క్యాంపస్‌లోనే కొన్ని చోట్ల, ఉదాహరణకు బయటి కంపెనీ నడిపే కెఫెటీరియాలోనో, పుస్తకాల షాపులోనో, మేనేజర్‌కు ఈ నియమాలు తెలియకపోవచ్చు. విద్యార్థులకు నేరుగా సేవ అందించే అలాంటి చోట్లు క్యాంపస్ పని కిందికే వస్తాయి. అదే క్యాంపస్‌లో భవనం కట్టే కంపెనీలో పని రాదు. అందుకని గంటల పేరా చివర అర వాక్యం చాలు: "ఎఫ్-1 విద్యార్థినిగా సెమిస్టర్ సమయంలో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేయడానికి నాకు అర్హత ఉంది." దీన్ని మొదటి పేరాలో పెడితే లెటర్ అంతా వీసా గురించే అన్నట్టు అవుతుంది. గంటల పక్కన అయితే సహజంగా ఇమిడిపోతుంది.

ఇక లైబ్రరీ పని. మన కాలేజీ లైబ్రరీల్లో ఎక్కువగా డ్యూయీ దశాంశ పద్ధతి చూసి ఉంటారు. అమెరికా యూనివర్సిటీ లైబ్రరీల్లో ఎక్కువగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ, ఎల్‌సీ అంటారు. పుస్తకం వీపు మీద క్యూఏ 76.73 .పీ98 లాంటి కాల్ నంబర్ ఉంటుంది, అది పైథాన్ పుస్తకాల చోటు. సర్దే క్రమం: ముందు అక్షరాలు, అకారాది వరుసలో. తర్వాతి అంకెను మామూలు సంఖ్యలా చదవాలి, అంటే క్యూఏ 9 ముందు, క్యూఏ 76 తర్వాత. చుక్క తర్వాత వచ్చే అక్షరం, అంకెల్ని మాత్రం దశాంశంలా చదవాలి. .సీ15 ముందు వస్తుంది, .సీ2 తర్వాత వస్తుంది. 15 పెద్దది కదా అని వెనక పెట్టడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. ఒక్క పుస్తకం తప్పు చోట పడితే కంప్యూటర్‌లో ర్యాక్‌లోనే ఉందని చూపిస్తుంది, మనిషికి దొరకదు. అందుకే కొన్ని లైబ్రరీల్లో ఇంటర్వ్యూలోనే చీటీలు ఇచ్చి వరుసలో పెట్టమంటారు.

ఇది గంటలో నేర్చుకునే విషయం. నేర్చుకుని, మీ లైబ్రరీకి వెళ్లి ఒక వరుస చూసి వచ్చి, లెటర్‌లో ఇలా రాయండి: "ఎల్‌సీ కాల్ నంబర్ల క్రమం చదువుకున్నాను, క్యూఏ విభాగం ర్యాకుల దగ్గర సరిచూసుకున్నాను." త్వరగా నేర్చుకుంటాను అన్న మాటకు ఇంతకంటే మంచి రుజువు లేదు. చేయకుండా మాత్రం రాయకండి, చీటీలు ముందు పెట్టినప్పుడు బయటపడుతుంది.

రెండో సంగతి గోప్యత. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది అమెరికా లైబ్రరీల్లో ఎవరికీ చెప్పరు, చాలా రాష్ట్రాల్లో దీనికి చట్టాలే ఉన్నాయి. ఫలానా పుస్తకం ఎవరి దగ్గర ఉందో చెప్పమని స్నేహితులు అడిగినా చెప్పకూడదు. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర జనాల ఫోన్ నంబర్లు, ఐడీలు మీ చేతిలో ఉండే ఉంటాయి కదా. వాటిని జాగ్రత్తగా చూసిన సంగతి నిజమైతే ఒక వాక్యం రాయండి. డెస్క్ సూపర్‌వైజర్లకు ఇది చాలా ముఖ్యం, దరఖాస్తుల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

40 పౌండ్లంటే సుమారు 18 కిలోలు. పుస్తకాల డబ్బాలు ఎత్తడం, నిండిన బండి నెట్టడం ఉంటుంది. ఎత్తగలిగితే "బరువు, నిలబడి చేసే పని నాకు ఇబ్బంది కాదు" అని చిన్న ముక్క.

---

తుంగభద్ర_అల:

అందరికీ చాలా థ్యాంక్స్. షెడ్యూల్ పేరా రాసేశాను. గురువారం క్లోజింగ్ ఒప్పుకున్నాను. ఇంటి దగ్గరికి రాత్రి బండి ఉంది, కనుక్కున్నా.

రెండో పేరా ఇలా ఉంది: "బీటెక్‌లో ఎన్ఎస్ఎస్‌లో చురుగ్గా పాల్గొని నాయకత్వ లక్షణాలు, సమయపాలన అలవరచుకున్నాను. కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ డెస్క్ నిర్వహించి కమ్యూనికేషన్ నైపుణ్యాలు పెంచుకున్నాను." ఇది సరిపోతుందా? ఇంకో డౌట్: ఏఐ టూల్‌తో రాయిస్తే ఇంగ్లిష్ నున్నగా వస్తోంది, వాడొచ్చా?

---

భీమిలి_గాలి:

ఇంకా సరిపోలేదండీ. నాయకత్వం, సమయపాలన, కమ్యూనికేషన్ అనేవి చదివేవాళ్లు మీ పని చూసి అనుకోవాల్సినవి. అవి మీరే అనేసి, పని చెప్పకుండా వదిలేశారు. తిరగేయండి: పని చెప్పండి, గుణం పేరు తీసేయండి.

ముందు ఎన్ఎస్ఎస్. అమెరికాలో ఆ మూడక్షరాలు ఎవరికీ తెలియవు. నేషనల్ సర్వీస్ స్కీమ్ అని పూర్తి పేరు రాసి, భారత ప్రభుత్వం కాలేజీ విద్యార్థుల కోసం నడిపే స్వచ్ఛంద సేవా పథకం అని అర వాక్యం కలపండి. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అనేది ఆ పథకం నియమం. మీరు పూర్తి చేసి సర్టిఫికెట్ ఉంటే ఆ 240 అంకె లెటర్‌లో ఉండాల్సిందే. చదువుతో పాటు రెండేళ్లు వదలకుండా వచ్చిందని అది చెబుతుంది, సూపర్‌వైజర్ వెతికేదీ అదే. శిబిరంలో ఏం చేశారో ఒక్కటి రాయండి: ఇంటింటి సర్వేనా, రక్తదాన శిబిరంలో పేర్లు రాయడమా, బడి పిల్లలకు చదువు చెప్పడమా. డెస్క్ పనికి దగ్గరగా ఉన్నది ఏరండి. మొక్కలు నాటడం మంచి పనే, ఈ ఉద్యోగానికి మాత్రం దూరం.

ఇక రిజిస్ట్రేషన్ డెస్క్. మీ దగ్గర ఉన్న సరుకులో ఇదే బంగారం, ఒక్క వాక్యంలో ముగించేశారు. ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టుకోండి. రోజుకు సుమారు ఎంతమంది వచ్చారు? పేర్లు పుస్తకంలో రాశారా, ఎక్సెల్‌లోనా? డబ్బు తీసుకున్నారా, సాయంత్రానికి లెక్క సరిపోయిందా? డబ్బు కట్టాం కానీ జాబితాలో మా పేరు లేదని ఎవరైనా వస్తే ఏం చేశారు? చివరి ప్రశ్న జవాబే మీ పేరా. సర్క్యులేషన్ డెస్క్ దగ్గర రోజూ వచ్చే తగాదా ఇదే: "నేను పుస్తకం తిరిగి ఇచ్చేశాను, ఇంకా నా పేరు మీదే చూపిస్తోంది." రసీదు చూడటం, మర్యాదగా మాట్లాడటం, మీ చేతిలో లేనిది పైవాళ్లకు అప్పగించడం. ఆ మూడూ మీరు చేసి ఉంటే అలాగే రాయండి.

పేరా భావం ఇలా ఉండొచ్చు: "మా కాలేజీ వార్షికోత్సవంలో రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర పనిచేశాను. రోజుకు ఇన్ని వందల మంది వివరాలు స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేశాం. డబ్బు కట్టినా జాబితాలో పేరు లేనివాళ్లు వచ్చినప్పుడు రసీదు సరిచూసి అక్కడికక్కడే చేర్చేదాన్ని, రసీదు లేనివాళ్లను ఇన్‌చార్జి దగ్గరికి పంపేదాన్ని. పుస్తకం విషయంలో సందేహంతో మీ డెస్క్ దగ్గరికి వచ్చేవాళ్లతోనూ ఇలాగే వ్యవహరించగలను." చివరి వాక్యం వదలకండి, అక్కడి పనిని ఇక్కడి పనితో కలిపేది అదే. కావాలనే తెలుగులో ఇచ్చాను. ఇంగ్లిష్ మీదే అయి ఉండాలి. ఫోరంలోని వాక్యం నలుగురు ఎత్తుకుంటే ఒకే డెస్క్‌కు ఒకే లెటర్ నాలుగుసార్లు వెళ్తుంది.

ఏఐ సంగతీ ఇంతే. మొదటి నుంచీ దానితో రాయిస్తే మీకు తెలిసిన వివరాలు దానికి తెలియవు కాబట్టి నున్నటి ఖాళీ వాక్యాలే వస్తాయి. పక్క విద్యార్థికీ అవే వస్తాయి. ముందు మీరే ముతకగా రాసేయండి. తర్వాత తప్పొప్పులు చూడమని మాత్రమే అడగండి, కొత్త మాటలు చేర్చొద్దని చెప్పండి. తిరిగొచ్చినదాంట్లో మీరు నోటితో అనని మాట కనిపిస్తే తీసేయండి. ఇంటర్వ్యూలో మీరు మాట్లాడే ఇంగ్లిష్‌కు, లెటర్‌కు పొంతన ఉండాలి. కాస్త సాదాగా ఉన్నా ఫర్వాలేదు, తప్పులు లేకపోతే చాలు.

రూపం సంగతులు త్వరగా. సంబోధన డియర్ అని, ప్రకటనలో పేరు ఉంటే ఆ పేరుతో. లేకపోతే డియర్ హైరింగ్ మేనేజర్. రెస్పెక్టెడ్ సర్ వద్దు, అవతల ఉన్నది మేడమ్ కావచ్చు. తేదీలో నెల ముందు, రోజు తర్వాత, నెలను అక్షరాల్లో రాస్తే గందరగోళం ఉండదు. వర్డ్‌లో కాగితం సైజు ఏ4 ఉంటే లెటర్ అనే సైజుకు మార్చండి, అంటే 8.5 ఇంటూ 11 అంగుళాలు. ఏ4లో ఉంచితే వాళ్లు ప్రింట్ తీసినప్పుడు అంచులు జరుగుతాయి. అక్షరం సైజు 11, చుట్టూ అంగుళం అంచు. పీడీఎఫ్‌గా పంపండి.

పైన పేరు, యూనివర్సిటీ ఈమెయిల్, అమెరికా ఫోన్ నంబర్. ప్లస్ 91 నంబర్ ఇస్తే ఆఫీసు ఫోన్ నుంచి ఎవరూ చేయరు. పుట్టిన తేదీ, ఫొటో, తండ్రి పేరు, పెళ్లి వివరం, పాస్‌పోర్ట్ నంబర్ ఏవీ వద్దు. మన బయోడేటా అలవాటులో ఇవి దూరిపోతుంటాయి, జాగ్రత్త. పేరు యూనివర్సిటీ రికార్డులో ఉన్నట్టే రాయండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివర చూస్తారు. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో పడి, వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చినవాళ్లు లెటర్‌లో ఒక రూపం, దరఖాస్తులో ఇంకో రూపం పెడితే రెండు కాగితాలూ ఒకరివేనని తెలియదు. పిలిచే పేరు వేరే ఉంటే సంతకం దగ్గర పెట్టండి.

---

థేమ్స్_దాకా:

యూకేలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. డిగ్రీ, మాస్టర్స్ స్టూడెంట్ వీసా మీద టర్మ్ టైంలో సాధారణంగా వారానికి 20 గంటలు, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. మీ వీసాలో ఏముందో చూసుకోండి. క్యాంపస్ బయట కూడా చేయొచ్చు. సొంతంగా వ్యాపారం, ఫ్రీలాన్స్ కుదరదు. డెలివరీ యాప్‌లు స్వయం ఉపాధి కింద తీసుకుంటాయి కాబట్టి అవీ కుదరవు. మాస్టర్స్ వాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. వేసవిలో డిసర్టేషన్ రాసే నెలలు చాలా కోర్సుల్లో టర్మ్ కిందే లెక్క, సెలవులు కావు. అప్పుడు ఫుల్‌టైం చేస్తానని కవర్ లెటర్‌లో రాస్తే ఇబ్బంది. మీ కోర్సు తేదీలు యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని పెట్టుకోండి, యజమాని కూడా అవి అడుగుతారు. పెద్ద సూపర్‌మార్కెట్లకు లెటర్ ఉండదు, ఆన్‌లైన్ ఫారం, ప్రశ్నలు. చిన్న కెఫేలకు మాత్రం అర పేజీ లెటర్ సీవీతో పాటు చేతికి ఇస్తే బాగా పనిచేస్తుంది, రద్దీ లేని మధ్యాహ్నం వేళ వెళ్లాలి. గంటల పేరా గురించి పైన చెప్పిందంతా ఇక్కడా అంతే.

కెనడాలో 2024 నవంబర్ నుంచి క్లాసుల సమయంలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలు. లెక్కలు కలగలిపి ఒక దేశం మాట ఇంకో దేశం లెటర్‌లో పెట్టకండి.

---

ఓరుగల్లు_వాకిలి:

అమెరికాల మాత్రం క్యాంపస్ బయట, అనుమతి లేకుండ, నగదు ఇస్తమన్నా పోవద్దు. స్టేటస్ పోతది, తర్వాత సరిచేసుకునుడు చానా కష్టం.

ఇంకా, యూనివర్సిటీ ఈమెయిల్‌కు "ప్రొఫెసర్‌కు పార్ట్‌టైమ్ అసిస్టెంట్ కావాలె, ఇంటి నుంచి పని, వారానికి ఇన్ని వందల డాలర్లు" అని మెయిల్స్ వస్తయి. కవర్ లెటర్‌తోపాటు పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంకు వివరాలు అడుగుతరు. లేదంటె చెక్కు పంపి, ఖాతాల వేసుకుని కొంత తిరిగి పంపుమంటరు. ఆ చెక్కు తర్వాత బౌన్స్ అయితది, పంపిన పైసలు నీ జేబులకెళ్లే పోతయి. యూనివర్సిటీ జాబ్ పోర్టల్‌ల గని, హ్యాండ్‌షేక్ (విద్యార్థుల ఉద్యోగాల సైట్)ల గని ఉన్న పోస్టు అయినా, ఆ విభాగం వెబ్‌సైట్‌ల ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కో.

---

రేగడి_నేల:

పంపడం గురించి రెండు మాటలు, ఆ తర్వాత జరిగేది.

ఫైల్ పేరు మీ పేరు, పోస్టు పేరు కలిపి పెట్టండి. కవర్ లెటర్ ఫైనల్ టూ అని పెడితే డౌన్‌లోడ్ చేసినవాళ్ల కంప్యూటర్‌లో ఎవరిదో తెలియదు. పాత లెటర్ మార్చి వాడుతున్నప్పుడు వేరే విభాగం పేరు మిగిలిపోవడం అన్నిటికన్నా ఘోరమైన పొరపాటు. పంపే ముందు విభాగం పేరు, పోస్టు పేరు, జాబ్ నంబర్ మూడూ ప్రకటన పక్కన పెట్టుకుని వేలితో చూసుకోండి. ప్రకటనలో క్లాసుల టైం టేబుల్ కూడా అడిగితే, అది మీరు లెటర్‌లో చెప్పిన గంటలతో ఎక్కడా ఢీకొట్టకూడదు. సోమవారం 4కు వస్తానని రాసి, క్లాసు 4:15 దాకా ఉంటే మిగతా లెటర్ మీద కూడా నమ్మకం పోతుంది.

గడువు చివరి రోజు దాకా ఆగకండి. కొన్ని డెస్క్‌లు వచ్చిన వరుసలోనే చూసి, గడులు నిండగానే ఆపేస్తాయి. వారం, పది రోజుల్లో ఏ కబురూ రాకపోతే ఒక్కసారి చిన్న మెయిల్: పోస్టు పేరు, ఎప్పుడు పంపారు, ఇంకా ఆసక్తి ఉంది, గంటల్లో మార్పు ఉంటే ఆ మార్పు. డ్రాప్-యాడ్ గడువు (కోర్సులు మార్చుకునే ఆఖరి తేదీ) అయ్యాక మీ టైం టేబుల్ మారితే అప్పుడు మెయిల్ పెట్టడానికి అదే సరైన కారణం. రోజూ డెస్క్ దగ్గరికి వెళ్లి అడగకండి.

దరఖాస్తుకు సోషల్ సెక్యూరిటీ నంబర్ (జీతం, పన్నుల లెక్కకు ప్రభుత్వం ఇచ్చే నంబర్) అక్కర్లేదు, లెటర్‌లో ఆ ఊసే వద్దు. ఆఫర్ వచ్చాక సూపర్‌వైజర్ ఒక లేఖ ఇస్తారు, ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఇంకో లేఖ ఇస్తారు. అవి, పాస్‌పోర్ట్, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన ఎఫ్-1 పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లాలి. పని మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు వెళ్తే తీసుకోరు. ఐ-9 ఫారంలో (పనిచేసే అర్హతను యజమాని సరిచూసే ఫారం) మీ భాగం మొదటి రోజుకే నింపాలి, పత్రాలు చూపించి మిగతాది మూడు పని దినాల్లో పూర్తవ్వాలి. అసలు కాగితాలు మొదటి రోజే వెంట ఉంచుకోండి.

ఈసారి రాకపోతే ఆ లెటర్ పారేయకండి. డిసెంబర్‌లో చాలామంది డిగ్రీ పూర్తయి వెళ్లిపోతారు కాబట్టి స్ప్రింగ్ షిఫ్ట్‌లకు మళ్లీ మనుషులు కావాలి. నవంబర్ మధ్య నుంచి పోర్టల్ చూస్తూ ఉండండి. స్ప్రింగ్ క్లాసులకు రిజిస్టర్ అయిన రోజే గంటల పేరా కొత్తగా రాసి, జాబ్ నంబర్ మార్చి పంపండి.